నలభై మూడు బొమ్మలు, ఒక కుంచె

మా ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. నా గురించి అక్కడ ఎవరైనా కథలు చెబితే అందులో సగం నిజం, మిగతా సగం నేను ఒప్పుకోని నిజం. కుంచె కథ మాత్రం మొత్తం నిజం. అది నలుగురి నోళ్లలో నాని ఇంకోలా తయారవకముందే నేనే రాసిపెడితే మంచిదనిపించింది.

కిరందుల్ కొండ మీది ఇనుప గనిలో నేను ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఖనిజం బెల్టుల మీద కిందికి దిగుతుంటే ఎంత వస్తోందో, ఎక్కడ ఆగిందో చెప్పే మీటర్లనూ ప్యానెళ్లనూ మా సెక్షన్ చూసుకునేది. గని గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? అక్కడ దుమ్ము అన్నంలోకి వస్తుంది, చెవుల్లోకి వస్తుంది, బీరువాలో మడత పెట్టిన పెళ్లి చీరలోకీ వస్తుంది. మీటర్ల లోపలికి రాకుండా ఉంటుందా? నేను చేరిన మొదటి వారంలోనే మా సీనియర్ ఒక అంగుళం వెడల్పు పెయింటు కుంచె నా చేతిలో పెట్టి, "ఊదకు, గుడ్డతో తుడవకు. దీంతో దులుపు" అన్నాడు.

ఆ కుంచె నాతో ముప్పై నాలుగేళ్లుంది. వెంట్రుకలు సగానికి అరిగిపోయాయి, పిడి నా వేళ్ల ఆకారానికి వచ్చేసింది. మరొకరు ముట్టుకుంటే ఊరుకునేవాణ్ణి కాదు. మురికి చేతుల్తో ప్యానెళ్లలోని సర్క్యూట్ కార్డులు పట్టుకున్న జూనియర్లను నేనెన్ని తిట్లు తిట్టానో వాళ్లనే అడగండి, వరసగా అప్పజెబుతారు. ఏటా విశ్వకర్మ పూజ రోజు సెక్షన్‌లో పనిముట్లన్నీ కడిగి బల్ల మీద పరిచేవాళ్లం. మొదటి కుంకుమ బొట్టు నా కుంచెకే. దాన్ని మాత్రం కడగనిచ్చేవాణ్ణి కాదు, వెంట్రుకలు ఊడిపోతాయని.

ఇక అసలు సంగతికి వస్తాను. అది నా సర్వీసులో చివరి ఏడాది. టౌన్‌షిప్ స్కూల్ స్టోరు గదిలో పనికిరాని సామాను లెక్క చూసే కమిటీలో నన్ను వేశారు. రిటైరయ్యేవాణ్ణి పనికిరాని సామాను దగ్గర కూర్చోబెట్టడంలో ఏదో ఉద్దేశం ఉందని నేను పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో విరిగిన బల్లల వెనక గోనెసంచులు కప్పి నాలుగు పాత హోం కంప్యూటర్లు కనపడ్డాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూలుకు వచ్చినవి. చూడ్డానికి లావుపాటి టైపు మిషన్ కీబోర్డులా ఉంటుంది. కంప్యూటరంతా ఆ కీబోర్డు లోపలే ఉంటుంది, దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు టీవీలో కనిపిస్తాయి. అప్పట్లో సోల్డరింగ్ చెయ్యడం వచ్చిన కుర్రాడినని అవి మొరాయించినప్పుడల్లా నన్నే పిలిచేవారు.

వాటిని తుక్కు కింద రాసేద్దామని కలం తీసేలోపు ఆ కబురు ఎలా తెలిసిందో, ఒక టీచరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఒకప్పుడు మా గనిలో ఖనిజం తవ్వి ఎత్తే షవెల్ మిషన్ నడిపిన ఒకాయన కూతురు, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆరో తరగతిలో ఈ కంప్యూటర్ల ముందు కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న పిల్లే. ఇప్పుడు బీజాపూర్ దాటాక మద్దేడ్ రోడ్డులో ఉన్న ఒక బాలికల హాస్టల్ బడిలో పాఠాలు చెబుతోంది.

"అంకుల్, వాటిని పారేస్తున్నారట కదా. మా బడికి ఇప్పించండి" అంది.

"ఏం చేసుకుంటావమ్మా? నీ చేతిలో ఉన్న ఫోను వీటికంటే లక్ష రెట్లు నయం."

"ఫోను ఇస్తే పిల్లలు దాన్ని చూస్తూ కూర్చుంటారంకుల్. ఇదేమో మనం చెప్పందే ఏమీ చెయ్యదు. తప్పు చెబితే తప్పే చేస్తుంది. నాకు బుర్ర పెట్టడం నేర్పింది ఇదే."

కమిటీలో ముగ్గురం. మిగతా ఇద్దరిలో ఒకాయనకు నడుం నొప్పి, రెండో ఆయనకు మొదటాయన ఏమంటే అదే. నాలుగు కంప్యూటర్లూ బడికి ఇస్తున్నట్టు కాగితం మీద రాసి పై సంతకాలు తెప్పించాను. ఆమె వాటిని దుప్పట్లలో చుట్టి బీజాపూర్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది.

రెండు మూడు నెలల తర్వాత ఫోన్ చేసి ఒకసారి వచ్చి చూడమంది. అప్పుడే వానలు మొదలయ్యాయి. సెలవు పెట్టి వెళ్లాను. ఒక గదిలో బల్ల మీద నా పాత నేస్తాలు నాలుగూ వరసగా ఉన్నాయి. గోడవార నేల మీద ఒకటో తరగతి పిల్లలు కూర్చున్నారు. తర్రెం, ఉసూర్ వైపు పల్లెల నుంచి హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు. ఇంట్లో దోర్లీయో గోండీయో మాట్లాడతారు. బడిలో పాఠం హిందీలో. టీచరు చెప్పేది వాళ్లకు వాన చప్పుడుతో సమానం.

దానికి ఎనిమిదో తరగతి పిల్లలు ఒక ఉపాయం చేశారు. టీవీ మీద ఒక బొమ్మ వస్తుంది, చేపో, పీతో, ఇప్పపువ్వో. కింద దాని పేరు దోర్లీ, గోండీ, తెలుగు, హిందీ నాలుగింటిలోనూ వస్తుంది. ఆ కంప్యూటర్‌కు ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరొకటి రాదు కదా, అందుకని పిల్లలు గళ్ల నోటుబుక్కులో గడి గడి నింపి ప్రతి మాటనూ బొమ్మలాగే గీశారు. ఆ గడులన్నింటినీ అంకెలుగా మార్చి కీబోర్డు మీద కొట్టారు. ఆ నోటుబుక్కులు తిరగేస్తుంటే నాకు సిగ్గేసింది. మా సెక్షన్‌లో ఎవరూ ఇంత శుభ్రంగా లాగ్‌బుక్ రాయరు, నాతో సహా.

నోటుబుక్కుల్లో నలభై మూడు బొమ్మలున్నాయి. కంప్యూటర్లో పట్టేవి తొమ్మిది. పదోది ఎక్కించగానే మెమరీ నిండిందని చెప్పి ఆగిపోయేది. ఆ తొమ్మిదీ ఎంత నెమ్మదిగా వచ్చేవంటే, చేప తల కనిపించి తోక కనిపించేలోపు చిన్నపిల్లలు లేచి వరండాలో ఉడతను చూడ్డానికి పోయేవాళ్లు.

"ఇంకో సంగతి అంకుల్," అని టీచరమ్మ గొంతు తగ్గించింది. హాస్టల్‌కు మంచాలూ పరుపులూ వస్తున్నాయట, పెట్టడానికి గది లేదట. ఈ గది పిల్లలకు నిజంగా పనికొస్తోందా, లేక తుక్కుతో నిండి ఉందా అన్నది బ్లాకు ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి తేలుస్తానన్నాడట. విశ్వకర్మ పూజ మర్నాడు వస్తాడు. "తొమ్మిది బొమ్మలు చూపిస్తే నవ్వి పోతారంకుల్. గది పోతే మళ్లీ రాదు. ఈ చిన్నపిల్లలు ఏడాదంతా నోరు తెరవకుండా కూర్చుంటారు. పోయినేడు చూశాను కదా, నాకు తెలుసు."

అలా చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. నేను వెంటనే, "నలభై మూడూ చూపిద్దాం. గడగడా చూపిద్దాం" అనేశాను. ఎలా చూపిస్తానో అప్పటికి నాకే తెలీదు.

మార్గం లేకపోలేదు. ఇలాంటి పాత కంప్యూటర్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. దక్షిణాదిలో ఒక నగరంలో ఉన్న ఒక పెద్దాయన వీటి కోసమే రెండు రకాల చిన్న బోర్డులు తయారుచేస్తాడు. ఒకటి యాక్సిలరేటర్. కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పును దాని గూట్లోంచి ఊడదీసి, అక్కడ ఈ బోర్డు కూర్చోబెడితే అదే పనిని ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. రెండోది అదనపు మెమరీ. మెమరీ అంటే అల్మారా అనుకోకండి, వంట చేసుకునే గట్టు అనుకోండి. అల్మారాలో ఎంత సరుకున్నా గట్టు మీద చోటుంటేనే కదా వంట. మా కంప్యూటర్‌కు ఆ గట్టు పెంచాలి. ముందు ఒక దానికి చేసి చూపిద్దాం, గది నిలబడితే మిగతా మూడూ చూసుకుందాం అనుకున్నాం. ఆ ఒక్క కంప్యూటర్‌నూ, పిల్లలు బొమ్మల అంకెలు దాచుకున్న క్యాసెట్టునూ నాతో కిరందుల్ తెచ్చుకున్నాను.

బోర్డులూ చిప్పులూ విడివిడిగా పోస్టులో వచ్చాయి. సోల్డరింగ్ నాదే. చిప్పు కాళ్ల మధ్య సందు వెంట్రుక మందం. భోజనాల వేళ సెక్షన్‌లో బల్ల దగ్గర కూర్చుని రోజుకు కాస్త చేసేవాణ్ణి. లెన్సు పెట్టుకోమని అందరూ చెప్పారు. ముప్పై నాలుగేళ్లు కళ్లతో చేసినవాణ్ణి, లెన్సు పెట్టుకుంటే ముసలాడినని ఒప్పుకున్నట్టు కాదూ? పెట్టుకోలేదు. పూర్తయ్యాక, అలవాటు ప్రకారం, కుంచెతో శుభ్రంగా దులిపాను.

పక్క బల్ల మా ఫోర్‌మన్‌ది. శ్రీకాకుళం మనిషి, నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది. "ఏటి గురూగారూ, ఇంటికి పోయే ముందు కొత్త ఉద్యోగం ఎతుక్కున్నారేటి?" అని రోజూ దెప్పేవాడు. రోజూ నా కోసం క్యాంటీన్ నుంచి టీ కూడా తెచ్చేవాడు.

కంట్రోల్ రూమ్‌లో టీవీ తగిలించి పరీక్ష చేశాం. నలభై మూడు బొమ్మలూ ఒకదాని వెనక ఒకటి టపటపా వచ్చేశాయి. మూడుసార్లు తిప్పాం, ఎక్కడా ఆగలేదు. నేను అందరికీ జిలేబీలు తినిపించి, నా చేతివాటం గురించి కాస్త ఎక్కువే మాట్లాడాను. ఆ మాటలన్నీ తర్వాత ఫోర్‌మన్ నాకు ఒక్కొక్కటిగా గుర్తుచేశాడు.

బడికి తీసుకెళ్లి తగిలించాను. ఆ రోజు ఉదయం నుంచీ ముసురు. చిన్నపిల్లలు నేల మీద, పెద్దపిల్లలు కిటికీల దగ్గర. పన్నెండో బొమ్మ దాకా బ్రహ్మాండంగా నడిచింది. పదమూడోది నెమలి. తల వచ్చింది, మెడ వచ్చింది, ఆ తర్వాత టీవీ నిండా చీమలు పాకినట్టు పిచ్చి గీతలు. ఆపి మళ్లీ వేశాను. ఈసారి ఆరో బొమ్మకే.

"కరెంటు బాగాలేదు మీ దగ్గర" అన్నాను టీచరమ్మతో. మళ్లీ వచ్చినప్పుడు స్టెబిలైజర్ మోసుకొచ్చాను. కంప్యూటర్ విప్పి, కుంచెతో ఇంకోసారి దులిపి, తగిలించాను. ఈసారి నాలుగో బొమ్మ దగ్గరే ఆగింది. చిప్పులు నకిలీవి పంపాడని ఆ దక్షిణాది పెద్దాయనకు ఫోన్‌లో రాయకూడని మాటలు రాశాను. ఆయన పాపం వేరే చిప్పులు పంపాడు. అవి వేశాను, మళ్లీ దులిపాను, మళ్లీ తీసుకెళ్లాను. రెండో బొమ్మ.

కిరందుల్‌లో కంట్రోల్ రూమ్‌లో పెడితే మాత్రం బుద్ధిగా నడిచేది. ఇది నన్ను పిచ్చివాణ్ణి చేసింది. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా చిప్పుల లెక్కే. మా ఆవిడ, "ఆ డబ్బాకి నేను దిష్టి తీస్తాను, ముందు అన్నం తినండి" అంది. చివరిసారి బడి నుంచి బయల్దేరుతుంటే టీచరమ్మ బస్సు దాకా వచ్చింది.

"తొమ్మిది బొమ్మలే చూపిస్తానంకుల్. మీరు చాలా శ్రమపడ్డారు" అంది. నన్ను ఓదారుస్తోంది! గది పోయేది ఆమెకు, ఓదార్పు నాకు. అంత అవమానం నాకు సర్వీసులో ఎప్పుడూ జరగలేదు. బోర్డులు రెండూ ఊడదీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బీజాపూర్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

విశ్వకర్మ పూజ రోజు వచ్చింది. మర్నాడే ఆఫీసరు రావడం. గని ఎలాగూ ఆగదు గానీ, ఆ రోజు మా సెక్షన్‌లో మాత్రం ఎవరూ పనిముట్టు ముట్టరు. స్క్రూడ్రైవర్ నుంచి సోల్డరింగ్ ఐరన్ దాకా అన్నీ బల్ల మీద బొట్లు పెట్టుకుని విశ్రాంతి తీసుకుంటాయి. షెడ్డులో దేవుడి బొమ్మ ముందు పందిట్లో ఫ్లడ్‌లైట్లు వేడివేడిగా వెలుగుతున్నాయి. నా కుంచె ఎప్పటిలాగే వరసలో మొదట ఉంది. నేను మాత్రం ఓ మూల స్టూలు మీద టిఫిన్ డబ్బా తెరుచుకుని, ఆ బోర్డుల వంక చూస్తూ కూర్చున్నాను.

ప్రసాదానికి మా లేబరేటరీ ఆవిడ వచ్చింది. ఖనిజం శాంపిళ్లు పరీక్షించే చోట ఇరవయ్యేళ్లుగా పనిచేస్తోంది. తర్రెం దగ్గర దోర్ల కుటుంబంలో పుట్టిన మనిషి. గని మొత్తంలో నాకు భయం ఉన్నది ఆవిడంటేనే, ఎందుకంటే ఏ రాయిలో ఎంత ఇనుముందో కంటితో చూసే చెబుతుంది. మెడలో ఎప్పుడూ చిన్న లెన్సు వేలాడుతుంటుంది. ఆవిడ లడ్డూ నముల్తూ నా భుజం మీంచి వంగింది.

"ఏంది సారూ, గిది మా ల్యాబ్‌కు తెచ్చిన శాంపిలా?"

"కంప్యూటర్ బోర్డమ్మా. శాంపిలేమిటి?"

"మరి గింత ఇనుము ఎందుకున్నది దీన్ల?"

లెన్సు తీసి నా చేతిలో పెట్టింది. అక్కడ నా పంతం చెల్లలేదు, కంటికి ఆనించుకుని చూశాను. సోల్డరింగ్ చేశాక చిప్పు కాళ్ల మధ్య కాస్త బంక మిగిలిపోతుంది, అది మామూలే. ఆ బంకలో సన్నటి నల్లపొడి గీత గీసినట్టు అంటుకుని ఉంది. ఒక చిప్పుకు కాదు, అన్నింటికీ.

ఆవిడ కొంగుముడి లోంచి చిన్న అయస్కాంతం తీసి, ప్రసాదం కాగితంలో చుట్టి, "దేంతోని తుడుస్తరు మీరు?" అని అడిగింది. నేను ఏమీ అనకముందే ఫోర్‌మన్ పూజ బల్ల వైపు వేలు చూపించాడు. ఆవిడ కుంచెను ముట్టుకోలేదు, పూజలో ఉంది కదా. అయస్కాంతాన్ని మాత్రం దాని వెంట్రుకలకు దగ్గరగా తీసుకెళ్లి, తీసి, అందరికీ చూపించింది. కాగితం నిండా నల్లగా, నిలువుగా లేచిన పొడి. ముప్పై నాలుగేళ్ల పొడి. గనిలో ఖనిజమూ, వర్క్‌షాపులో గ్రైండింగ్ చూర్ణమూ, రోజూ దులిపిందంతా దాంట్లోనే దాక్కుంది.

అప్పుడంతా అర్థమైంది. నేను శుభ్రం చేసిన ప్రతిసారీ బోర్డుకు ఇనుము పూస్తున్నాను. ఏసీ కంట్రోల్ రూమ్ పొడిగాలిలో ఆ పొడి ఊరుకునేది. బడి గదిలో ముసురు తేమ తగలగానే ఒక కాలి నుంచి ఇంకో కాలికి కరెంటు దారి తీసుకునేది. దులిపినకొద్దీ బొమ్మలు తగ్గడంలో వింతేమీ లేదు. స్టెబిలైజర్ మోశాను, పాపం పెద్దాయన్ను తిట్టాను, టీచరమ్మ ముందు కరెంటును తిట్టాను. తిట్టవలసినవాడు నా చొక్కాలోనే ఉన్నాడు.

మురికి చేతుల కోసం నా చేత తిట్లు తిన్న ఒక జూనియర్ ముందు నవ్వాడు. ఆ తర్వాత షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను? నవ్వు ఆగాక చెయ్యి నేరుగా సోల్డరింగ్ బల్ల మీదికి పోయింది. ఫోర్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటి గురూగారూ, ఇయ్యాల పనిముట్టు ముట్టుకుంటారా? ముప్పయ్యేళ్లు లేని బుద్ధి ఇప్పుడొచ్చినాదేటి?"

"రేపు పొద్దున్నే మొదటి బస్సెక్కాలయ్యా. ఇవాళే కడగాలి."

"కడగండి. కాదన్నదెవరు? పనిముట్టుతో వొద్దంటన్నాను."

మేం తర్జనభర్జన పడుతుంటే లేబరేటరీ ఆవిడ వెళ్లి ఒక సీసా స్పిరిట్‌తో, ఒక కొత్త పళ్ల బ్రష్షుతో వచ్చింది. క్యాంటీన్ పక్క కొట్లో కొన్న బ్రష్షు, ఇంకా అట్ట కూడా విప్పలేదు. "గిది పనిముట్టు కాదు. పూజల లేదు. తోముండ్రి" అంది. ఫోర్‌మన్ ఆలోచించాడు. మేస్త్రీలిద్దరితో సంప్రదించాడు. పళ్ల బ్రష్షుకు విశ్వకర్మతో సంబంధం లేదని తీర్పు చెప్పాడు.

తోమాను. ఆవిడ లెన్సుతో చూస్తూ, "ఆ మూలకు ఇంకున్నది సారూ" అని నాలుగుసార్లు వెనక్కి పంపింది. నేను జూనియర్లను ఎలా పంపేవాణ్ణో అచ్చం అలాగే. స్పిరిట్ నల్లబడ్డం మానేదాకా తోమాను. తర్వాత ఆరబెట్టాలి. బయట వాన, ల్యాబ్‌లో శాంపిళ్లు ఆరబెట్టే పొయ్యికీ బొట్టు పెట్టేశారు. ఫోర్‌మనే బోర్డులు రెండూ పళ్లెంలో పెట్టి పందిట్లో ఫ్లడ్‌లైటు కింద, దేవుడి కాళ్ల దగ్గర ఉంచాడు. సాయంత్రం దాకా అవి లడ్డూల పక్కన వెచ్చగా ఆరాయి. వచ్చినవాళ్లందరూ వాటికీ దణ్ణం పెట్టి వెళ్లారు.

మర్నాడు మొదటి బస్సులో గీదం మీదుగా బీజాపూర్, అక్కణ్ణించి జీపులో ఇరుక్కుని బడికి చేరాను. వాన ఆగలేదు, గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. పరీక్ష చూసుకునే వ్యవధి దొరకలేదు. కంప్యూటర్ మూత విప్పి బోర్డులు కూర్చోబెట్టి మూత వేస్తుంటే గేటు దగ్గర ఆఫీసరు జీపు ఆగింది. టీచరమ్మ నా మొహం చూసి, "తొమ్మిదా, నలభై మూడా?" అని మెల్లగా అడిగింది.

"నలభై మూడు" అన్నాను.

ఆఫీసరు జగదల్‌పూర్ వైపు మనిషి, గంభీరంగా ఉన్నాడు. గది నలువైపులా కళ్లతోనే కొలిచాడు. ఎన్ని మంచాలు పడతాయో లెక్కేస్తున్నాడని నాకు తెలిసిపోయింది. "దిఖాయియే మేడమ్, టైమ్ కమ్ హై" అని, టైము తక్కువుందన్నట్టు వాచీ చూసుకున్నాడు.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మీట నొక్కింది. చేప వచ్చింది, తల దగ్గర్నుంచి తోక దాకా ఒక్క క్షణంలో. నేల మీంచి ఒక చిన్నపిల్ల గోండీలో, "కీకె!" అని అరిచింది. పక్కపిల్ల తెరమీద హిందీ మాట కింద వేలు పెట్టి, "మఛ్‌లీ" అంది. పీత వచ్చింది, ఇప్పపువ్వు వచ్చింది. అరుపులు పెరిగాయి. ఏడాదంతా నోరు తెరవరని టీచరమ్మ భయపడ్డ పిల్లలు వీళ్లే. నేను మాత్రం లోలోపల లెక్కపెట్టుకుంటున్నాను. పది. పదకొండు. పన్నెండు. నెమలి తల వచ్చింది, మెడ వచ్చింది, పింఛం మొత్తం విచ్చుకుంది. నేను ఊపిరి వదిలిన చప్పుడుకు ఆఫీసరు వెనక్కి తిరిగి చూశాడు.

ముప్పై దాటాయి. ముప్పై తొమ్మిదో బొమ్మ ఆకుల గూట్లో ఎర్రచీమలు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపమన్నాడు. మళ్లీ ఏమైందోనని నేను తెర వంక చూశాను, బొమ్మ నిలకడగానే ఉంది. ఆయన టీవీకి దగ్గరగా వెళ్లి నాలుగు మాటలూ చదివాడు. "మా ఇంట్లో దీన్ని చాప్‌డా అంటాం. మా అమ్మ దీంతో చట్నీ నూరేది" అని హిందీలో అన్నాడు. ఆ తర్వాత గంభీరమంతా పోయి, కాస్త అలిగినట్టు అడిగాడు: "ఇస్‌మే హల్బీ క్యోఁ నహీ హై?" తన ఇంటి భాష హల్బీ ఇందులో ఎందుకు లేదని.

టీచరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"పెహలే జగహ్ నహీ థీ సర్" అంది ఆమె. "అబ్ హై." ఇదివరకు చోటు లేదు, ఇప్పుడుంది.

ఎనిమిదో తరగతి పిల్ల అప్పటికే గళ్ల నోటుబుక్కు తెరిచింది. ఆఫీసరు చెప్పిన మాటను గడి గడి నింపి, అంకెలు చేసి, కీబోర్డు మీద కొట్టింది. ఎర్రచీమల కింద ఐదో వరస వచ్చింది: చాప్‌డా. ఆయన చిన్నపిల్లల పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేపకు, పీతకు, నెమలికి, ఒక్కొక్కదానికీ హల్బీ మాట చెప్పడం మొదలుపెట్టాడు. టైమ్ కమ్ అన్న మనిషి భోజనాల గంట కొట్టేదాకా లేవలేదు. లేచి వెళ్తూ, "మంచాలు వరండా మూసి అక్కడ వేయిద్దాం. యే కమరా రహేగా" అన్నాడు. గది నిలిచింది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం, చెప్పడానికి సిగ్గెందుకు?

ఆ రాత్రే దక్షిణాది పెద్దాయనకు పెద్ద ఉత్తరమంత క్షమాపణ రాశాను. ఆయన ఒకే మాట పంపాడు: మిగతా మూడు కంప్యూటర్ల బోర్డులు ఎప్పుడు కావాలి? అవీ చేశాను. లెన్సు పెట్టుకునే చేశాను.

నేను రిటైరైన రోజు అందరికీ ఇచ్చినట్టే శాలువా, గడియారం ఇచ్చారు. లేబరేటరీ ఆవిడ మాత్రం శాంపిల్ సంచి ఒకటి ఇచ్చింది. శాంపిళ్లకు రాసినట్టే పైన చీటీ: కిరందుల్, ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్, ఇనుము లేదు. లోపల పళ్ల బ్రష్షు. దాన్ని బడికే ఇచ్చేశాను, అవసరం అక్కడే కదా. కుంచె మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. దాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు, అయినా దాంతో దేన్నీ దులపనివ్వను.

ఆ తర్వాత వచ్చిన విశ్వకర్మ పూజకు టీచరమ్మ నన్ను బడికి పిలిచింది. నాలుగు కంప్యూటర్లకూ పిల్లలు బంతిపూల దండలు వేశారు. వాటి ముందు పళ్లెంలో, ఒంటినిండా కుంకుమ బొట్లతో, పళ్ల బ్రష్షు ఉంది. "ఇవాళ దాన్ని ముట్టుకోకూడదు తాతా, అది పనిముట్టు" అని ఒకటో తరగతి పిల్ల నన్ను హిందీలో హెచ్చరించింది. ముట్టుకోనని ఒట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.